ఒకటో తరగతి అయ్యేసరికి పిల్లాడికి ఏం రావాలి?

ప్రశ్న: మా బాబు జూన్‌లో ఒకటో తరగతిలో చేరాడు. అప్పటికి వాడికి 5 ఏళ్ల 9 నెలలు. ఇంగ్లిషు మీడియం ప్రైవేటు బడి. రోజూ రెండు పేజీల కాపీ రైటింగు, ఐదు స్పెల్లింగులు, ఒక పేజీ లెక్కలు ఇస్తారు. రాత్రి తొమ్మిదైనా తెమలదు, ఏడుస్తాడు. ఎఫ్ఏ-1 (ఏడాదిలో మొదటి చిన్న పరీక్ష) తర్వాత మీటింగులో టీచరు ‘చదువులో వీక్, ట్యూషన్ పెట్టించండి’ అన్నారు. పక్కింటి పాప కూడా ఒకటో తరగతే, పదో ఎక్కం దాకా అప్పజెప్తుంది. మావాడు ఫోర్టీన్ రాయమంటే 41 రాస్తాడు. ఇంగ్లిషు చిన్న బి, చిన్న డి తారుమారు చేస్తాడు. తెలుగు పాఠం ఒక్కటే గడగడా చదువుతాడు, దాని గురించి బెంగ లేదు. మా మామగారు ముందు తెలుగు రానివ్వమంటారు, మావారు ఇంగ్లిషు వస్తే చాలంటారు. అసలు ఈ ఏడాది అయ్యేసరికి ఏం రావాలి? ట్యూషన్ పెట్టాలా?
— ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: మీరు బెంగపడుతున్నవి రెండూ, అంటే 41, బి-డి తారుమారు, ఈ వయసులో మామూలుగా కనిపించేవే. నిమ్మళంగా ఉన్న విషయాన్నే ముందు ఒకసారి పరీక్షించాలి. పాఠం గడగడా చదువుతున్నాడంటే చదవడం వచ్చిందనైనా కావచ్చు, పేజీ మొత్తం నోటికి వచ్చేసిందనైనా కావచ్చు. ఒకటో తరగతిలో అందరూ మోసపోయేది ఇక్కడే.

ఇవాళ సాయంత్రం ఇలా చేసి చూడండి. వాడికి బాగా వచ్చిన పాఠం తీసి, బొమ్మ మీద అరచెయ్యి పెట్టండి. పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ‘ఇదేంటి నాన్నా?’ అనండి. మొదటి లైను నుంచి గొణుక్కుంటూ ఆ మాట దాకా వస్తున్నాడంటే నోటికి వచ్చిందన్నమాట. తర్వాత చిన్న చీటీల మీద, పాఠంలో లేని మాటలు రాయండి, కానీ వాడికి వచ్చిన అక్షరాలతోనే. పాఠంలో తల, పడవ, పలక ఉన్నాయనుకోండి. అవే అక్షరాలతో కల, వడ, తడక, కడప రాయొచ్చు. నెమ్మదిగానైనా సరే, ‘త... డ... క... తడక’ అని కూడబలుక్కుని చదివితే మీ బాబుకు చదవడం వచ్చినట్టే. మొదటి అక్షరం చూసి ‘తల’ అనేస్తే ఊహించి చెప్తున్నాడు. అలా జరిగితే వాణ్ణి ఏమీ అనకండి. ఎక్కడ మొదలుపెట్టాలో మనకు తెలిసింది, అంతే.

ఇదే కొలమానం ప్రభుత్వ పత్రాల్లోనూ ఉంది. కేంద్రం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో ఒక్కో తరగతికి చదవడంలో, లెక్కల్లో లక్ష్యాలు రాసి పెట్టారు. ఒకటో తరగతి చివరికి, ముందెప్పుడూ చూడని చిన్న పాఠంలో నాలుగైదు తేలిక మాటలున్న వాక్యాలు చదివి అర్థం చేసుకోవాలి. 99 దాకా అంకెలు చదవాలి, రాయాలి. చిన్న చిన్న కూడికలు, తీసివేతలు చెయ్యాలి. చదవడం, లెక్కల్లో అసలు బరువు ఇంతే. నిమిషానికి ఇన్ని మాటలు చదవాలన్న వేగం లెక్క రెండో తరగతిలో వస్తుంది (45 నుంచి 60 మాటలు). తేలికపాటి గుణకారాలు మూడో తరగతి లక్ష్యం. మన తెలంగాణలో 2022లో సర్కారు బడుల్లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా ఇదే పునాది కోసం పెట్టింది.

కాబట్టి పదో ఎక్కం సంగతి వదిలెయ్యండి. పక్కింటి పాప ముచ్చటగా అప్పజెప్తోంది, మంచిదే, అది ఒక పాటలాంటిది. మూడు పళ్లేలు పెట్టి, ఒక్కోదాంట్లో రెండేసి ఇడ్లీలుంటే మొత్తం ఎన్ని అని అడిగితే లెక్కపెట్టి ఆరు అనగలగడం ఇప్పటి పని. అది మీవాడికీ వస్తుంది, ఇవాళే అడిగి చూడండి.

వయసు సంగతి కూడా చెప్పాలి. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం ఆరేళ్లు నిండాక ఒకటో తరగతి. మీవాడు మూడు నెలలు ముందే చేరాడు. అదే బెంచీలో ఆరున్నరేళ్ల పిల్లలు ఉండి ఉంటారు. ఈ వయసులో తొమ్మిది నెలల తేడా అంటే చేతివేళ్ల పట్టులో, కుదురుగా కూర్చోవడంలో, మాట విని గుర్తుపెట్టుకోవడంలో కళ్లకు కనిపించే తేడా. ఎవరితోనైనా పోల్చాలనుకుంటే మూడు నెలల కిందటి మీవాడితోనే పోల్చండి.

ఇక తెలుగు. అక్షరమాల వరసగా అప్పజెప్పడం వేరు, అక్షరాన్ని విడిగా చూసి పోల్చుకోవడం వేరు. పిల్లలు తడబడేది ఆకారాలు దగ్గరగా ఉన్న చోట: ప-వ-ష, న-స, బ-భ, ద-డ-ధ-థ, య-మ. అన్నిటికంటే ఎక్కువగా ‘వు’ చూసి ‘మ’ అనుకుంటారు. ‘ఆవు’ని ‘ఆమ’ అని చదివే పిల్లలు కోకొల్లలు. ఇలాంటి జంటలను ఒకేరోజు నేర్పించొద్దు. ఒకటి బాగా కుదురుకున్నాక వారం ఆగి రెండోది చూపించండి. ఆ తర్వాతే రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో వాడి వేలితోనే చూపించమనండి.

గుణింతాల్లో ఒక చిక్కుంది. క కా కి కీ అని నిలువుగా వల్లె వేయించడం వల్ల పిల్లాడికి రాగం వస్తుంది, గుర్తు రాదు. ‘కే’ ఏదిరా అంటే క దగ్గర నుంచి ఎక్కుకుంటూ రావాలి. అడ్డంగా నేర్పండి. ఇవాళ గుడి అనుకుంటే కి, గి, తి, పి, లి. ఒకే గుర్తు ఐదు అక్షరాల మీద. వెంటనే దాంతో మాటలు: గిలక, తిరగలి, పిడక. వారానికి రెండు గుర్తుల చొప్పున పోతే దీర్ఘం నుంచి ఔత్వం దాకా, సున్నతో కలిపి, ఆరేడు వారాల పని. రోజుకు పది నిమిషాలు చాలు. మొ, మో, యొ, యో దగ్గర కొంచెం ఆగండి. వీటి ఆకారం కొ, గొ లాగా ఉండదు. ‘మొదలు’ అన్న మాట దగ్గర పిల్లాడు తికమకపడితే తప్పు వాడిది కాదు, ఆ అక్షరాన్ని విడిగా చూపించాలి. ఒత్తుల విషయంలో తొందర వద్దు. అమ్మ, అక్క, పిల్లి లాంటివి గుర్తుపడితే ఈ ఏడాదికి బాగా వచ్చినట్టే. పుస్తకం, స్నేహం లాంటి మాటలు రెండో తరగతిలో కుదురుకుంటాయి.

చదివించడానికి మీ చుట్టుపక్కల బోర్డులు చాలు. మౌలాలి, కాచిగూడ, నాగోలు: మూడింట్లోనూ ఒక్క ఒత్తు కూడా లేదు, అన్నీ గుణింతాలే. బస్సులో, రైల్వే స్టేషన్‌లో ఇవి వాడి చేత చదివించండి. స్టేషన్ బోర్డు మీద అదే పేరు ఇంగ్లిషులోనూ ఉంటుంది, రెండు నెలలయ్యాక అదీ చూపించొచ్చు. కథల పుస్తకాలైతే తార్నాకలోని మంచి పుస్తకం వాళ్ల దగ్గర పెద్ద అక్షరాల చిన్న పుస్తకాలు దొరుకుతాయి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుక్కోవచ్చు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, అందులో మొదటి స్థాయి చాలు. కథ మీరు చదవండి, మధ్యలో ఒక్క మాట దగ్గర ఆగి వాణ్ణి చదవమనండి.

మామగారి మాటా, మీవారి మాటా ఒకదానికొకటి అడ్డం రావు. రాష్ట్రంలో ఏ బోర్డు బడైనా ఒకటి నుంచి పది దాకా తెలుగు చెప్పి తీరాలని 2018లో చట్టమే వచ్చింది. అదలా ఉంచితే, అక్షరానికో చప్పుడు, చప్పుళ్లు కలిస్తే మాట అన్న కిటుకు ఇంట్లో మాట్లాడే భాషలో త్వరగా అందుతుంది. ఒకసారి అందాక ఇంగ్లిషులో మళ్లీ మొదటినుంచి తవ్వుకోనక్కర్లేదు. ‘కడప’ని కూడబలుక్కుని చదవగలిగినవాడు ‘క్యాట్’నీ చదవగలడు, ఇంగ్లిషు అక్షరాల చప్పుళ్లు తెలిస్తే.

ఆ చప్పుళ్ల దగ్గరే మన పిల్లలకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది. తెలుగు హల్లులో ‘అ’ ఇమిడి ఉంటుంది. ఆ అలవాటుతో బి అంటే ‘బ’, టి అంటే ‘ట’ అని నేర్పిస్తాం. బి, ఎ, టి మూడూ కలిపితే ‘బ-యా-ట’ అవుతుంది తప్ప ‘బ్యాట్’ రాదు. పొల్లు పలికించాలి: బ్, ట్, స్, ప్, న్. బ్, ప్ అయితే పెదవులు మూసి చటుక్కున వదిలేసినట్టు. ముందుగా ఎస్, ఎ, టి, పి, ఐ, ఎన్ అనే ఆరు అక్షరాల చప్పుళ్లు నేర్పితే స్యాట్, పిన్, ట్యాప్, న్యాప్, టిన్ లాంటి మాటలు వెంటనే తయారవుతాయి. ఏడాది చివరికి ఇంగ్లిషులో మూడక్షరాల మాటలు కూడబలుక్కోవడం, తరచూ కనిపించే ఇరవై ముప్పై చిన్న మాటలు చూడగానే గుర్తుపట్టడం, తన పేరు, ఊరు, ఇష్టమైన తిండి గురించి రెండు మూడు వాక్యాలు చెప్పడం వస్తే చాలా బాగున్నట్టు. స్పెల్లింగులు అక్షరాల పేర్లతో ‘సీ ఏ టీ’ అని బట్టీ పట్టించే బదులు, మాట చెప్పి ‘మొదట ఏం చప్పుడు వినపడింది?’ అని అడిగి రాయించండి. ఐదు స్పెల్లింగులకు పదిహేను నిమిషాలు పట్టేది ఐదు నిమిషాల్లో అవుతుంది.

బి, డి సంగతి. కప్పు చెవి కుడివైపున్నా ఎడమవైపున్నా అది కప్పే అని పుట్టినప్పటి నుంచీ చూశాడు. ఇప్పుడు గీతకు ఇటు బొడిపె ఉంటే ఒక అక్షరం, అటు ఉంటే ఇంకోటి అంటున్నాం. ఏడేళ్లు దాటే వరకూ ఈ తారుమారు చాలామంది పిల్లల్లో ఉంటుంది. రెండూ ఒకే దగ్గర మొదలుపెట్టకుండా రాయించండి: బి అయితే ముందు నిలువు గీత, తర్వాత పొట్ట. డి అయితే ముందు పొట్ట, తర్వాత నిలువు గీత. చెయ్యి తిరిగే దారి వేరైతే కన్ను తికమకపడదు.

ఇప్పుడు 41. ఇందులో మీవాడి తర్కం ఉంది. ‘ఫోర్టీన్’లో ముందు వినపడేది ఫోర్, కాబట్టి ముందు 4 రాస్తున్నాడు. అదే తెలుగులో ‘పద్నాలుగు’ అంటే పది ముందు వస్తుంది, నాలుగు తర్వాత వస్తుంది, రాసే వరసలోనే. అందుకే 11 నుంచి 19 దాకా కొన్నాళ్లు తెలుగులోనే చెప్పండి. ఇంగ్లిషు పేర్లు తర్వాత అతికించొచ్చు.

చీపురు పుల్లలు వేలెడంత ముక్కలు వంద కోసుకోండి, లేదా ఐస్‌క్రీమ్ పుల్లలు తెచ్చుకోండి. పది రబ్బరు బ్యాండ్లు. నేల మీద 14 పుల్లలు పోసి లెక్కపెట్టమనండి. పది కాగానే వాడి చేత్తోనే కట్ట కట్టించండి. ఎడమ పక్కన కట్ట, కుడి పక్కన విడివి నాలుగు. కట్ట కింద సుద్దముక్కతో 1, విడిపుల్లల కింద 4 రాయించండి. అది చెరపకుండా దాని కిందే 41 పెట్టించండి: నాలుగు కట్టలు, ఒక పుల్ల. ‘ఏ కుప్ప పెద్దది?’ అని అడిగి మీరు మాట్లాడకుండా ఉండండి. కాసేపు అటూ ఇటూ చూస్తాడు. రోజుకు ఐదు అంకెలు చొప్పున పది రోజులు చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. కట్ట కట్టేపని మీరు చేసిపెడితే మాత్రం పని కాదు. పది ఒకటయ్యే ఆ క్షణం వాడి చేతుల్లోనే జరగాలి.

ఆ తర్వాత ఇంకో తప్పు రావొచ్చు, ముందే చెప్తున్నాం. ఇరవై ఐదు రాయమంటే 205 రాస్తారు, ఇరవై రాసి పక్కన ఐదు రాస్తారు కాబట్టి. దీనికి అట్టముక్కలు: 10, 20, 30... 90 రాసినవి రెండంగుళాల వెడల్పు, 1 నుంచి 9 రాసినవి అంగుళం వెడల్పు. 20 ముక్క మీద సున్నా మూసుకుపోయేలా 5 ముక్క పెడితే 25. సున్నా పోలేదు, ఐదు కింద దాక్కుందని వాడే ఎత్తి చూసుకుంటాడు.

కూడికలు, తీసివేతలు ప్రధానంగా 20 లోపే. చింతగింజలతో చేయించండి. తీసివేతలో పిల్లలు తరచూ ఒకటి ఎక్కువ చెప్తారు. 8లోంచి 3 తియ్యమంటే ‘ఎనిమిది, ఏడు, ఆరు’ అని మూడు వేళ్లు ముడిచి ఆరు అంటారు. ఉన్నచోటునే మొదటి అడుగుగా లెక్కపెట్టడం వల్ల వచ్చే తప్పు ఇది. గచ్చు మీద 1 నుంచి 10 గళ్లు గీసి, 8లో నిలబెట్టి, మూడు గెంతులు వెనక్కి వెయ్యమనండి. 5లో దిగుతాడు. చేతికి ఒకటి, అప్పు తెచ్చుకోవడం లాంటివి ఈ ఏడాది పని కాదు. వీటితోపాటు జానలతో బల్ల కొలవడం, గుండ్రం-చదరం గుర్తుపట్టడం, వారాల పేర్లు, పది రూపాయలకు చిల్లర లెక్క ఆటలో భాగంగా వచ్చేస్తాయి.

రెండు పేజీల కాపీ రైటింగు దగ్గర మేం బడితో ఏకీభవించం. ఆరేళ్ల చేతి వేళ్లు అరపేజీకే అలసిపోతాయి. ఆపైన రాసేవన్నీ వంకరగా వస్తాయి, ఆ వంకరే అలవాటవుతుంది. పేజీలో మొదటి లైను, ఆఖరి లైను పక్కపక్కన పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. శ్రద్ధగా రాసిన పది అక్షరాలు చాలు. పొట్టి, లావు పెన్సిల్ ఇవ్వండి, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మధ్య పట్టుకోవాలి. పాదాలు గాల్లో వేలాడకూడదు, కుర్చీ ఎత్తైతే కింద పీట వెయ్యండి. పలక, బలపం ఇంకా పనికొస్తాయి. గరుకు మీద చెయ్యి అదుపులో ఉంటుంది, తప్పు తుడిస్తే పోతుంది. వేళ్లకు బలం రావడానికి చపాతీ పిండి ముద్దలు చేయించడం, బఠాణీలు ఒలిపించడం, చొక్కా గుండీలు తనే పెట్టుకోనివ్వడం రాతపని కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

హోంవర్కు విషయంలో మీరు మొహమాటపడాల్సిన పనిలేదు. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి దాకా హోంవర్కే వద్దంది. సాయంత్రం ఏం ఆడారు, ఏం తిన్నారు అని క్లాసులో మాట్లాడించమంది. ఒకటి, రెండు తరగతుల సంచి బరువు 1.6 నుంచి 2.2 కిలోల మధ్య ఉండాలంది. ఒకసారి కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూడండి. ఇంట్లో గడియారం చూసి ఇరవై నిమిషాలే కూర్చోబెట్టండి. ఆ తర్వాత ఎంతయితే అంత, కింద గీత గీసి ‘ఇరవై నిమిషాలు శ్రద్ధగా రాశాడు’ అని సంతకం పెట్టి పంపండి. ఏడుపుతో నిండిన మూడో గంటలో నేర్చుకునేదేమీ ఉండదు, బడి మీద భయం ఒక్కటే మిగులుతుంది. ఎనిమిదిన్నరకు పడుకోనివ్వండి, ఈ వయసుకు పది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి.

ట్యూషన్ వద్దు. బడిలో ఆరేడు గంటలు కూర్చున్నాక ఇంకో గంట అదే కాపీ రైటింగు చేయిస్తే అలసట పెరుగుతుంది. పైన చెప్పిన తెలుగు పది నిమిషాలు, పుల్లలు పది నిమిషాలు మీరో, మామగారో చేయిస్తే సరిపోతుంది. మామగారికి ఓపికుంటే తెలుగు పూర్తిగా ఆయనకే అప్పగించండి. ‘తాతా, ఇదేంటి?’ అని బోర్డులు చదివే పని మనవడితో చేయించడానికి ఆయనకన్నా తగినవాళ్లు ఎవరున్నారు!

కొన్ని లక్షణాలు మాత్రం అలసట ఖాతాలో వెయ్యొద్దు. బోర్డు చూసేటప్పుడు కళ్లు చికిలించడం, టీవీకి అతుక్కుని కూర్చోవడం, తల ఒక పక్కకు వంచి చదవడం ఉంటే కళ్లు చూపించండి. ఒక కన్ను మందగించినా పిల్లలు చెప్పరు, రెండో కంటితో నెట్టుకొస్తారు. దాన్ని ఈ వయసులో పట్టుకుంటే సరిచేయడం తేలిక. మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. వెనకనుంచి పిలిస్తే పలక్కపోవడం, తరచూ చెవి కారడం, ‘ఆఁ?’ అని మళ్లీ మళ్లీ అడగడం ఉంటే కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీవాడిలో వీటిలో ఏదీ మీరు రాయలేదు కాబట్టి ఇప్పటికి గమనించడం చాలు. రోజూ చేయించినా సంక్రాంతి సెలవుల నాటికి పది పన్నెండు అక్షరాలు కూడా నిలవకపోతే, ఇద్దరు ముగ్గురికంటే ఎక్కువమంది పిల్లలుంటే ఆడలేకపోతే, చెప్పిన రెండు పనులు వరసగా చెయ్యలేకపోతే పిల్లల డాక్టరుతో మాట్లాడండి. చదవడంలో లోపం ఉందని ఎవరైనా ఇప్పుడే ముద్ర వేస్తే ఒప్పుకోకండి. ఆ నిర్ధారణ సాధారణంగా ఎనిమిదేళ్లు వచ్చాకే చేస్తారు.

టీచరుగారి ‘వీక్’ అన్న మాట పట్టుకుని కుంగిపోకండి, ఆమెతో తగువూ వద్దు. ఒక్కో క్లాసులో నలభై మంది పిల్లలుంటే ఎవరికైనా కష్టమే. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటో తరగతిలో ఎవరినీ ఫెయిల్ చెయ్యరు, కొట్టడం, మనసు నొప్పించడం నిషేధం, అది ప్రైవేటు బడులకూ వర్తిస్తుంది. ఆ ధైర్యం మనసులో పెట్టుకుని, వచ్చే మీటింగుకు ఒక చిన్న కాగితం పట్టుకెళ్లండి. మీ చీటీల పరీక్షలో వాడు పోల్చుకున్న అక్షరాలు ఒక పక్క, తడబడినవి ఒక పక్క. ‘మేడం, ఇంట్లో ఇవి వచ్చాయి, ఇవి రాలేదు. క్లాసులో మీకు ఎక్కడ ఇబ్బంది కనిపిస్తోంది? అక్షరాలు గుర్తుపట్టడంలోనా, రాయడంలోనా, లేక టైముకు పూర్తి చెయ్యడంలోనా?’ అని అడగండి. మూడోదైతే మొదటి బెంచీలో కూర్చోబెట్టమని, రెండు పేజీల బదులు అరపేజీ ఇవ్వమని కోరండి. మొదటిదైతే ఏ అక్షరాలో రాసి ఇవ్వమనండి, ఆ వారం చీటీలు వాటితోనే చేసుకోండి.